ప్రభుత్వంలో గోప్యత, సాంకేతిక విధానాల ఇంటర్న్‌షిప్: బీటెక్ విద్యార్థికి చోటుందా?

విజయవాడలో బీటెక్ మూడో సంవత్సరం చదువుతున్న మిత్రుడొకరు, ప్రభుత్వంలో గోప్యత, సాంకేతిక విధానాలపై ఇంటర్న్‌షిప్‌లు లా విద్యార్థులకేనా, తనవంటివారు ఎలా సిద్ధం కావాలి అని అడిగారు. నేను లా చదువుతుండగా, 2025 తొలి నెలల్లో, ఢిల్లీలో ఒక కేంద్ర ప్రభుత్వ విభాగంలో ఇంటర్న్‌గా పనిచేశాను. అక్కడ చూసిన దాన్నిబట్టి, ఈ పనిలో ఇంజినీరింగ్ విద్యార్థులు ఎవరికీ తీసిపోరు. కొన్ని విషయాల్లో మాకన్నా ముందే ఉంటారు.

డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టానికి 2023 ఆగస్టులో రాష్ట్రపతి ఆమోదం లభించగా, దాని నిబంధనల ముసాయిదా 2025 జనవరి 3న వెలువడింది. తుది నిబంధనలు ఆ నవంబరులో వచ్చాయి. నా ఇంటర్న్‌షిప్ ఈ రెండింటి మధ్య సాగింది. ఇంటర్న్ చేతికి రహస్య ఫైళ్లు రావు. బహిరంగంగా ఉన్న పత్రాలనే పక్కపక్కన పెట్టి, డేటా పరిరక్షణపై వేసిన జస్టిస్ శ్రీకృష్ణ కమిటీ 2018లో ఇచ్చిన ముసాయిదాలో ఒక అంశం ఎలా ఉంది, 2022లో ఉపసంహరించుకున్న 2019 బిల్లులో ఏమైంది, ప్రస్తుత చట్టంలో ఏమి మిగిలింది అని పోల్చి, అధికారికి ఒక పేజీ నోట్ రాసివ్వడమే మా ప్రధానమైన పని.

సెక్షన్ 9నే తీసుకోండి. 18 ఏళ్లలోపు వారి డేటాను వాడాలంటే, నిర్ధారించుకోగల రీతిలో తల్లిదండ్రుల సమ్మతి ఉండాలని అది చెబుతుంది. మేము సమ్మతికి చట్టం ఇచ్చిన అర్థం దగ్గరే చర్చించుకుంటూ ఉండగా, మాతోపాటే ఉన్న ఒక బీటెక్ విద్యార్థి, ఎవరు పిల్లలో తేల్చుకోవాలంటే యాప్ పెద్దల వయసు కూడా అడగాలి కదా, అలా సేకరించిన గుర్తింపు వివరాలు ఎవరి దగ్గర, ఎంతకాలం ఉంటాయి అని అడిగాడు. పిల్లల రక్షణ కోసం పెట్టిన షరతు అందరి నుంచీ అదనపు డేటా సేకరించడానికి దారితీయవచ్చన్న ఆ ప్రశ్నే చివరకు మా నోట్‌కు కేంద్రమైంది. సర్వర్లో ఏమి నిల్వ అవుతుందో తెలిసినవాడికి తట్టే ప్రశ్న అది.

అందువల్ల ముందుగా మన చట్టాన్నే మూలంలో చదవండి. యూరప్ డేటా పరిరక్షణ చట్టమైన జీడీపీఆర్‌ను కంఠస్థం చేసినవారు దరఖాస్తుదారుల్లో కొల్లలుగా ఉంటారు గానీ, దేశ భద్రత వంటి కారణాలతో కొన్ని ప్రభుత్వ సంస్థలను చట్టం పరిధి నుంచి మినహాయించే వీలు కల్పించిన సెక్షన్ 17ను, సమాచార హక్కు చట్టంలో వ్యక్తిగత సమాచారం వెల్లడికి సంబంధించిన 8(1)(జె)ను మార్చిన సెక్షన్ 44(3)ను శ్రద్ధగా చదివినవారు నాకు ఎక్కువగా కనబడలేదు. గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించిన 2017 నాటి పుట్టస్వామి తీర్పు చాలా పెద్దది. ప్రభుత్వ జోక్యానికి ఉండవలసిన చట్టబద్ధత, అనుపాతం (లక్ష్యానికి అవసరమైన మేరకే జోక్యం ఉండటం) గురించిన భాగాలు తొలుత చాలు.

దరఖాస్తుల విషయానికొస్తే, కేంద్ర ఎలక్ట్రానిక్స్, ఐటీ శాఖ నడిపే డిజిటల్ ఇండియా ఇంటర్న్‌షిప్‌కు బీటెక్ వారు అర్హులే, నెలకు రూ. 10,000 చొప్పున స్టైపెండ్ ఇస్తూ వచ్చారు. నీతి ఆయోగ్‌లో స్టైపెండ్ ఉండదు కాబట్టి ఢిల్లీలో ఉండేందుకయ్యే ఖర్చును ముందే లెక్కవేసుకోండి. తాజా ప్రకటనలో అర్హతలు, గడువులు సరిచూసుకోవడం తప్పనిసరి.

విజయవాడలోనే ఉంటున్నారు కాబట్టి ఇంకొక దారి కూడా ఆలోచించండి. రాయితీలు, ధ్రువపత్రాలు, సేవల కోసం ప్రభుత్వం డేటాను వాడుకునే తీరు డేటా పరిరక్షణ చట్టంలోని సెక్షన్ 7(బి) కిందికి వస్తుంది. వాట్సాప్ ద్వారా సేవలందించే మన మిత్ర 2025 జనవరిలో ఆంధ్రప్రదేశ్‌లో మొదలైంది. అందులో ఏదైనా ఒక సేవను ఎంచుకుని, అది ఏ వివరాలు అడుగుతోంది, ఆ సేవకు అవన్నీ అవసరమేనా అన్నదాన్ని, ఇలాంటి సేవల్లో ప్రభుత్వం పాటించాల్సిన ప్రమాణాలు చెప్పే, ఆ చట్టం నిబంధనల రెండో షెడ్యూలుతో పోల్చి ఒక పేజీ రాయండి. దరఖాస్తుకు జతచేయడానికి కోర్సు సర్టిఫికెట్ల కన్నా ఆ పేజీయే మేలు. రాష్ట్ర ఐటీ శాఖకు కళాశాల ద్వారా లేఖ పంపేటప్పుడూ దాన్నే పెట్టవచ్చు.