రోజూ పరీక్షే రాస్తే చదివేదెప్పుడు?

ప్రశ్న: నేను విశాఖ గోపాలపట్నంలో ఆటో నడుపుతాను. మా గుంటడికి పద్దెనిమిది నిండాయి, ఇంటర్ అయిపోయింది. ఆర్మీ అగ్నివీర్‌కి వెళ్తానని ఒకటే పట్టు. నెల రోజులుగా పొద్దున్నే ఆర్కే బీచ్‌కి పోయి పరిగెడుతున్నాడు. 1600 మీటర్లకు మొదటి రోజు ఎనిమిది నిమిషాలు పట్టింది, ఏడున్నరకు దిగి అక్కడే ఆగిపోయింది. ఇప్పుడు మోకాళ్ళ కింద నొప్పని కుంటుతున్నాడు. రెండు నెలల్లో టైమింగ్ తెప్పిస్తామని ఒక అకాడమీవాళ్ళు 40 వేలు అడుగుతున్నారు. కట్టమంటారా? అసలు వీడి ఒంటికి ఈ పరుగు పడుతుందా?

జవాబు: పడుతుంది. డబ్బు మాత్రం ఇప్పుడే కట్టకండి.

ముందు లెక్క చూద్దాం. ఆర్మీ భర్తీ ర్యాలీలో 1600 మీటర్లను 5 నిమిషాల 30 సెకన్లలోపు పరిగెడితే 60 మార్కులు. 5.31 నుంచి 5.45 లోపు వస్తే 48. బీమ్ (కడ్డీ పట్టుకుని పైకి లేచే పుల్లప్స్) పది కొడితే ఇంకో 40. తొమ్మిది అడుగుల గుంత దూకడం, జిగ్‌జాగ్ బ్యాలెన్స్ పాసైతే చాలు, వాటికి మార్కుల్లేవు. 400 మీటర్ల ట్రాక్ మీద నాలుగు రౌండ్లు కాబట్టి ఒక్కో రౌండుకు 82 సెకన్లు. మీవాడు ఇప్పుడు రౌండుకు 112 సెకన్లు తీసుకుంటున్నాడు. అంటే ప్రతి రౌండులోనూ ముప్పై సెకన్లు కొయ్యాలి. ఇది రెండు నెలల్లో అయ్యే పని కాదు. ఐదారు నెలలు చేతిలో ఉంచుకోండి. అప్పటికీ అందరికీ 5.30 రాదు, కొందరు 5.45 దగ్గరే ఆగుతారు. అదీ పనికొచ్చే టైమింగే.

ఏడున్నర దగ్గర ఎందుకు ఆగిపోయాడంటే, మీ ఉత్తరాన్నిబట్టి నాకు అర్థమైంది ఇది: రోజూ వెళ్తాడు, ఫోన్‌లో స్టాప్‌వాచ్ నొక్కుతాడు, ప్రాణం పెట్టి 1600 పరిగెడతాడు, రొప్పుతూ కూలబడతాడు, టైమ్ చూసుకుని దిగులుగా ఇంటికొస్తాడు. రోజూ పరీక్షే రాస్తున్నాడు. చదవడమే లేదు.

మీ ఆటోకి ఇంజిన్ బోరింగ్ చేయించినప్పుడు మెకానిక్ ఏమంటాడు? కొన్నాళ్ళు మెల్లగా తోలండి, లోడు వెయ్యకండి, రేజింగ్ ఇవ్వకండి అంటాడు కదా. పరుగు కొత్తగా మొదలెట్టిన ఒళ్ళూ అంతే. గుండె, ఊపిరి త్వరగా దారికొస్తాయి. మూడు నాలుగు వారాల్లోనే ఆయాసం తగ్గినట్టు తెలుస్తుంది. ఎముకలు, కండరాలను ఎముకలకు కట్టి ఉంచే తాళ్ళు అంత తొందరగా మాట వినవు, వాటికి నెలలు కావాలి. పైగా ఎముక ఒక తమాషా పని చేస్తుంది. కొత్త బరువు పడగానే ముందు పాత ఎముకను కొంత తవ్వేసుకుంటుంది, ఆ తర్వాతే గట్టిది పోసుకుంటుంది. అంటే మొదటి కొన్ని వారాల్లో అది మామూలుకన్నా కాస్త బలహీనంగా ఉంటుంది. సరిగ్గా అప్పుడే కుర్రాడికి ఊపిరి అందడం మొదలై, ‘నాకు వచ్చేస్తోంది’ అని ఇంకా గట్టిగా పరిగెడతాడు. ర్యాలీకి తయారయ్యే పిల్లల్లో చాలామంది కుంటేది ఇక్కడే.

ఈ రోజే ఒక పని చెయ్యండి. వాణ్ణి మంచం మీద కాళ్ళు చాపి కూర్చోబెట్టండి. మోకాలి కింద ముందుండే ఎముక లోపలి అంచు వెంబడి మీ బొటనవేలితో పైనుంచి కిందికి నొక్కుకుంటూ రండి. జానెడు పొడుగునా సలుపుతున్నట్టుంటే అది షిన్ స్ప్లింట్స్. పరుగు ఆపి రెండు మూడు వారాలు నడక, ఐస్, పిక్కల వ్యాయామంతో ఉంటే చాలావరకు తగ్గుతుంది. అలా కాకుండా ఒకే ఒక్క చోట, రూపాయి బిళ్ళంత మేర, వేలు పెట్టగానే ‘అమ్మా’ అని కాలు లాగేసుకుంటే, లేదా రాత్రి పడుకున్నప్పుడు కూడా నొప్పి ఉంటే, అది ఎముక చిట్లడం కావచ్చు. ఎముకల డాక్టరుకు చూపించండి. ఇలాంటివి మొదట్లో ఎక్స్‌రేలో కనపడకపోవచ్చు. ‘ఎక్స్‌రే బాగుంది కదా’ అని మళ్ళీ పరిగెట్టనివ్వకండి. నొప్పి మాత్ర వేసుకుని పరిగెత్తడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు.

ఈ తొందర జబ్బు నాకూ ఉండేది, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నా. ఇరవై ఏళ్ళ కిందట నేనూ ఒక ర్యాలీకి వెళ్ళాను. చీకట్లోనే లైన్లో కూర్చోబెట్టారు, మా బ్యాచ్‌లో రెండు వందల మంది పైనే. విజిల్ పడగానే గొర్రెల మందలా ఒకటే తోపులాట, నేనూ వాళ్ళతోపాటు దూకాను. మొదటి రౌండు 70 సెకన్లలో తిరిగానని తర్వాత తెలిసింది. రెండో రౌండు బాగానే ఉంది. మూడో రౌండు మలుపులో తొడలు రాయిలా బిగిసిపోయాయి. నాలుగో రౌండులో నా ముందు ఐదారుగురు ఉండగా టైమ్ అయిపోయిందని తాడు అడ్డం పడింది. తాడు పట్టుకున్న జవాను నా భుజం మీద చెయ్యి వేసి ‘బస్ బేటా’ అన్నాడు. ఆ రెండు మాటలు చాలాకాలం చెవిలో ఉన్నాయి. నాకు దమ్ము లేక కాదు, 82 సెకన్ల రౌండు ఎలా ఉంటుందో కాళ్ళకు తెలియక పోయింది.

ఇక సాధన. కాలి నొప్పి పూర్తిగా పోయి, అరగంట గబగబా నడిచినా ఏమీ తెలియని రోజున మొదలుపెట్టాలి. వారానికి నాలుగు రోజులే, రోజు విడిచి రోజు అయితే ఇంకా మంచిది. మొదటి వారం ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక, అలా ఎనిమిదిసార్లు. రెండో వారం పరుగు రెండు నిమిషాలు, నడక రెండు. అలా పెంచుకుంటూ ఐదారు వారాలకు ఆగకుండా ఇరవై ఐదు నిమిషాలు పరిగెత్తగలిగితే చాలు. ఎంత స్పీడు? పక్కవాడితో మాట్లాడుతూ పరిగెత్తగలిగేంత. ఒక పూర్తి వాక్యం ఆయాసపడకుండా చెప్పలేకపోతే స్పీడు ఎక్కువైనట్టే. మొదట్లో సిగ్గుగా ఉంటుంది. చీర కుచ్చిళ్ళు దోపుకుని వాకింగ్ చేసే పెద్దమ్మలు కూడా దాటిపోతారు. పోనివ్వమనండి.

తర్వాత రెండు నెలలు అదే మెల్లని పరుగు 35-40 నిమిషాలకు, ఆదివారం ఒక్కరోజు ఏడెనిమిది కిలోమీటర్లకు పెంచాలి. మెల్లని పరుగు చివర వంద మీటర్లు చొప్పున నాలుగైదుసార్లు కొంచెం స్పీడుగా, ఒళ్ళు బిగబట్టకుండా. అసలు స్పీడు పని మూడో నెల దాటాకే. వారానికి ఒక్కసారి, ట్రాక్ మీద 400 మీటర్లు నాలుగు నుంచి ఆరు, మధ్యలో రెండు నిమిషాల నడక. మొదట 95 సెకన్లలో, కొన్ని వారాలకు 90, ఆ తర్వాత 85, చివరికి 82. మొదటిదీ చివరిదీ ఒకే టైమ్‌లో రావాలి, కిటుకంతా అందులోనే ఉంది. మొదటిది 75, చివరిది 100 వస్తే ఆ రోజు పాఠం తప్పినట్టు. 1600 మీటర్ల పూర్తి టెస్టు మూడు వారాలకు ఒక్కసారి చాలు. బీమ్ మాత్రం మొదటి రోజు నుంచే. ఒక్కటీ రాకపోతే స్టూలెక్కి గడ్డం పైదాకా పెట్టుకుని మెల్లగా కిందికి దిగడం, అలా ఐదారు. పుల్లప్స్ అలానే వస్తాయి.

ఎక్కడ పరిగెత్తాలన్నది కూడా ముఖ్యం. మీవాడు ఇసుకలో పరిగెడుతున్నాడా, రోడ్డు మీదా అన్నది మీరు రాయలేదు. పొడి ఇసుకలో పరిగెడితే దమ్ము పెరుగుతుందని మన కుర్రాళ్ళకు గట్టి నమ్మకం. పెరుగుతుంది కానీ కొత్తవాడికి పిక్కా, మడమ తాడూ ముందు పోతాయి. నీటి అంచున తడి ఇసుక గట్టిగానే ఉంటుంది, కాకపోతే సముద్రంవైపు వాలు. ఒక కాలు ఎప్పుడూ పల్లంలోనే పడుతుంది. బీచ్ రోడ్డు పొద్దున పూట హాయిగానే ఉంటుంది, కానీ అది తారు, సిమెంటు. ఆంధ్రా యూనివర్సిటీ వైపు మట్టి గ్రౌండు దొరికితే అదే మేలు. కైలాసగిరి ఎత్తులు నాలుగో నెలకు దాచుకోండి. సింహాచలం గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లు చెప్పుల్లేకుండా నడిచేశాను, నాకేం అవుతుందిలే అనే పిల్లలూ తగిలారు నాకు. నడక వేరు, పరుగు వేరు. పరుగులో ప్రతి అడుగుకూ ఒంటి బరువుకు రెండు మూడింతలు ఒకే కాలి మీద పడుతుంది. అన్నట్టు, పరుగయ్యాక చల్లబడదామని ఆర్కే బీచ్‌లో సముద్రంలోకి దిగనివ్వకండి. అక్కడ లోపలికి లాగేస్తుందని మీకు నేను చెప్పక్కర్లేదు.

మన ఊళ్ళో ఎండకన్నా ఉక్క ప్రమాదం. చెమట పడుతుంది కానీ ఆరదు, ఆరకపోతే ఒళ్ళు చల్లబడదు. మార్చి నుంచి జూన్ దాకా ఆరింటికల్లా పరుగు ముగిసిపోవాలి. ఇంటికి రాగానే ఉప్పేసిన మజ్జిగ. తల తిరిగినా, మాట తడబడినా వెంటనే ఆపి నీడలో పడుకోబెట్టి తడిగుడ్డతో తుడవాలి, ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. తిండికి పెద్ద ఖర్చేం వద్దు: రాగి జావ, రెండు గుడ్లు, గుప్పెడు పల్లీలు, పప్పన్నం. ప్రొటీన్ డబ్బాలు కొనకండి. రక్తంలో హిమోగ్లోబిన్ ఎంతుందో ఒకసారి చూపించండి, అది తక్కువుంటే ఎంత సాధన చేసినా టైమ్ కదలదు. ఎప్పుడైనా పరిగెడుతూ కళ్ళు తిరిగి పడిపోయి ఉంటే, లేదా మీ ఇంట్లో చిన్న వయసులో గుండెతో పోయినవాళ్ళుంటే, డాక్టరు చూశాకే మొదలెట్టాలి.

అకాడమీ సంగతి. అకాడమీలన్నీ మోసమని నేననను. తోడుగా పదిమంది పరిగెడితే ఊపొస్తుంది, అది నిజమే. కానీ రెండు నెలల్లో గ్యారంటీ అనేవాడు చేసేదల్లా మీవాడు ఇప్పుడు చేస్తున్నదే, కాకపోతే విజిల్ వేసి చేయిస్తాడు. కట్టేముందు ఒక ఉదయం వెళ్ళి దూరంగా నిలబడి చూడండి. కొత్తవాణ్ణీ ఏడాదిగా చేస్తున్నవాణ్ణీ ఒకే లైన్లో పరిగెత్తిస్తున్నారా? కుంటుతున్న పిల్లల్ని పక్కన కూర్చోబెడుతున్నారా, తిడుతున్నారా? పరుగుకు ముందు ఏదైనా ఇంజెక్షనో, గోలీయో ఇస్తామంటే అక్కణ్ణుంచి వచ్చెయ్యండి. 2024లో జార్ఖండ్‌లో ఎక్సైజ్ కానిస్టేబుల్ ఉద్యోగాలకు గంటలో పది కిలోమీటర్ల పరుగు పెడితే పదిమందికి పైగా అభ్యర్థులు చనిపోయారు. ఆ వార్త చదివినప్పుడల్లా నాకు ఇలాంటి తొందర సాధనలే గుర్తొస్తాయి.

పరుగులో పడి అసలు రాతపరీక్ష మర్చిపోతారు చాలామంది. 2023 నుంచి ఆర్మీలో ముందు కంప్యూటర్ మీద రాతపరీక్ష, అందులో నెగ్గినవాళ్ళకే ర్యాలీ. అందుకని పరుగు పొద్దున గంట, మిగతా రోజంతా లెక్కలు, జనరల్ సైన్స్, జీకే. ఇంకోటి, ఆరు నెలలు కష్టపడ్డాక మెడికల్‌లో పోతే ఆ బాధ వేరు. ఇప్పుడే కొలిచి చూడండి: మన రాష్ట్రం నుంచి జనరల్ డ్యూటీకి ఎత్తు 166 సెంటీమీటర్లు, ఛాతీ 77, ఊపిరి పీలిస్తే ఇంకో 5 పెరగాలి. పాదం తడిపి సిమెంటు నేల మీద అడుగు వెయ్యమనండి. మధ్యలో వంపు లేకుండా అచ్చు మొత్తం పడితే చదును పాదం కావచ్చు. మోకాళ్ళు ఆనించి నిలబడితే మడమలు కలవకుండా మధ్యలో ఎడం మిగులుతోందేమో చూడండి. అనుమానముంటే ముందే డాక్టరు మాట తీసుకోవడం మంచిది.

అగ్నివీర్ నాలుగేళ్ళ కొలువు, అందులో 25 శాతం దాకానే పర్మనెంట్ చేస్తారు, మిగతావాళ్ళకు సుమారు 11.7 లక్షల సేవానిధి ఇచ్చి పంపుతారు. అందుకని ఒక్క ర్యాలీ మీదే అన్నీ పెట్టకండి. ఇదే సాధనతో కేంద్ర బలగాల ఎస్‌ఎస్‌సీ జీడీ కానిస్టేబుల్ ఉద్యోగాలకు వెళ్ళొచ్చు, దానికి 24 నిమిషాల్లో 5 కిలోమీటర్లు. నేను చెప్పిన ఆదివారపు పరుగులు అక్కడ అక్కరకొస్తాయి. డిగ్రీలో కూడా సీటు తీసుకుని ఉంచండి.

రెండు మూడు వారాల తర్వాత మళ్ళీ బొటనవేలితో నొక్కి చూడండి. ఎక్కడా ‘అబ్బా’ అనకపోతే ఆ సోమవారం మొదలుపెట్టించండి. మొదటి నెల పరుగుకు వెళ్ళేటప్పుడు వాడి ఫోన్ మీ దగ్గరే పెట్టుకోండి. నిమిషాలు లెక్కపెట్టుకోవడానికి ఇంట్లో పాత చేతి గడియారం ఏదైనా ఉంటే అది చాలు.