కళ్లిస్తే ముఖం గుంటలు పడుతుందా?

ప్రశ్న: మా నాన్నగారికి 78 ఏళ్లు, షుగరుంది, శుక్లాల ఆపరేషనూ అయింది. నేత్రదానం చేస్తానంటున్నారు. కళ్లు పనికొస్తాయా? ముఖం గుంటలు పడుతుందని అమ్మ భయం.
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: పనికొస్తాయి. శుక్లాల ఆపరేషన్‌లో మార్చేది లోపలి కటకాన్ని. దానంగా తీసుకునేది నల్లగుడ్డు మీద గడియారం అద్దంలా ఉండే కార్నియాని. షుగరు అడ్డు కాదు. ఎయిడ్స్, రేబిస్, హెపటైటిస్ బి ఉంటే మాత్రం తీసుకోరు. సాధారణంగా ఆ పొర వరకే తీసి, రెప్పలు మూసేస్తారు, గుంట పడదు. అమ్మగారికి ఈ మాటే చెప్పండి.

అసలు చిక్కు ఆలస్యంతోనే. ప్రాణం పోయిన 6 గంటల్లోపు తీయాలి. అందుకే ముందు ఐ బ్యాంకుకు ఫోన్ చేయండి. ఫ్యాను ఆపండి (గాలికి కార్నియా ఎండిపోతుంది), రెప్పలు మూసి తడిదూది పెట్టండి, తలకింద దిండు ఉంచండి. ప్రతిజ్ఞాపత్రం లేకున్నా ఫర్వాలేదు, ఆ వేళ సంతకం పెట్టాల్సింది ఇంట్లోవాళ్లే.