విదేశం వెళ్లిన మిషనరీలకు ఫలితం వెంటనే కనిపించేదా?

లేదు, చాలామందికి ఏళ్ల తరబడి నిరాశే ఎదురయ్యేది. భాష రావడానికే కాలం పట్టేది, పైగా బాప్తిస్మం తీసుకుంటే ఇంట్లోవాళ్లు, కులంవాళ్లు వెలేస్తారన్న భయంతో మాట నచ్చినా ముందుకొచ్చేవాళ్లు తక్కువ. మన మద్రాసులో తెలుగువాళ్ల మధ్య పనిచేసి 1840లో నెల్లూరు వెళ్లిన శామ్యూల్ డే అనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ పెట్టిన మిషన్‌నే చూడండి, చేరేవాళ్లు లేక దాన్ని మూసేద్దామా అని అమెరికాలో చర్చే జరిగింది. అదే మిషన్‌లో 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు! అప్పుడు వచ్చిన పెద్ద కరువులో తిండికోసం చేరారులే అంటారు కదా, ఆ మాట వస్తుందనే ఒంగోలులో ఆ మిషన్ పని చూసిన జాన్ క్లౌ, బకింగ్‌హామ్ కాలువలో (చెన్నైలో లోకల్ ట్రైన్ కింద కంపు కొట్టే కాలువే) ఒంగోలు వైపు భాగం తవ్వించి కూలి ఇప్పించినంతకాలం బాప్తిస్మాలు ఆపేశాడు.