మీ ప్రయాణం, నా జవాబు: బ్యాంకాక్‌లో ఒక్క రోజు

ప్రశ్న: అమ్మానాన్నలతో, పదేళ్ళ పాపతో బ్యాంకాక్ వెళ్తున్నాం. సిటీ చూడటానికి మాకున్నది ఒక్క రోజే. ట్రావెల్స్ వాళ్ళిచ్చిన ప్లాన్‌లో పొద్దున ఫ్లోటింగ్ మార్కెట్, తర్వాత గ్రాండ్ ప్యాలెస్, మూడు బౌద్ధాలయాలు, షాపింగ్, రాత్రికి రివర్ క్రూజ్ ఉన్నాయి. నాన్నగారికి మోకాళ్ళ నొప్పులు. ఇవన్నీ ఒక్క రోజులో అవుతాయా? గైడ్ తప్పనిసరా?
ఒక పాఠకురాలు

జవాబు: అవవమ్మా. ముందు ఆ ఫ్లోటింగ్ మార్కెట్ కొట్టేయండి. టూర్ల వాళ్ళు ఎక్కువగా తీసుకెళ్ళేది డామ్నెన్ సడువాక్‌కి. అది బ్యాంకాక్‌లో లేదు, దాదాపు వంద కిలోమీటర్ల అవతల రాచ్చబురిలో ఉంది. అక్కడ పడవల మీద బేరాలు సాగేది పొద్దుటిపూటే. అది చూసుకుని సిటీకి తిరిగొచ్చేసరికి మధ్యాహ్నం అవుతుంది. గ్రాండ్ ప్యాలెస్‌లో టికెట్లు ఇచ్చేది ఉదయం ఎనిమిదిన్నర నుంచి మూడున్నర వరకే. అంటే సరిగ్గా మిట్టమధ్యాహ్నం ఎండలో, అప్పటికే అలిసిపోయిన నాన్నగారిని ఆ ప్రాంగణమంతా నడిపించాలి. వద్దు.

నేను గ్రూపుల్ని తీసుకెళ్ళినప్పుడు ఒక్క రోజే ఉంటే మూడు చోట్లే పెట్టుకుంటాను. తలుపులు తీసే వేళకి గ్రాండ్ ప్యాలెస్, అందులోనే ఉన్న మరకత బుద్ధుడి ఆలయం. తర్వాత దగ్గర్లోనే వాట్ ఫో, వాట్ అంటే బౌద్ధాలయం. అక్కడి నుంచి పడవలో నది దాటి వాట్ అరుణ్. ఆ తర్వాత హోటల్‌కి వెళ్ళి ఒక కునుకు. సాయంత్రం ఓపిక ఉన్నవాళ్ళు క్రూజ్‌కి వెళ్తారు, లేనివాళ్ళు పడుకుంటారు. టికెట్లు పెద్దవాళ్ళకి ప్యాలెస్‌కి 500 బాత్ (థాయ్ డబ్బు), వాట్ ఫోకి 300, వాట్ అరుణ్‌కి 200. ప్యాకేజీ ధరలో ఇవి కలిశాయో లేదో ముందే అడగండి. చాలామందికి గొడవ వచ్చేది ఇక్కడే.

గైడ్ కావాలి, కానీ రోజంతా అక్కర్లేదు, ఒక పూటకి చాలు. ఒక విషయం తెలుసుకోండి. థాయ్‌లాండ్‌లో గైడ్ పని థాయ్ పౌరులకే, అదీ లైసెన్సు ఉన్నవాళ్ళకే. లైసెన్సు కార్డు మెడలో కనబడాలి. నాలాగా ఇక్కణ్ణుంచి గ్రూపుతో వచ్చిన వాళ్ళు అక్కడ నిలబడి వివరించడం చట్టప్రకారం కుదరదు. అందుకే చెప్పాల్సినవన్నీ ముందు రాత్రే హోటల్ లాబీలో కూర్చుని చెప్పేస్తాను. మీరూ అదే చేయండి. ముఖ్యంగా మీ పాపకి ఆ రాత్రి, రాముణ్ణి పాతాళానికి ఎత్తుకుపోయిన మైరావణుడి కథ చెప్పమని అమ్మమ్మని అడగండి. ఎందుకో చెప్తాను.

ప్యాలెస్‌కి వచ్చిన జనమంతా తిన్నగా మరకత బుద్ధుడి దగ్గరికి పోతారు. చూడాల్సిందే. పచ్చటి జేడ్ రాతి విగ్రహం, ఎత్తు 66 సెంటీమీటర్లే, చాలా ఎత్తైన పీఠం మీద ఉంటుంది. ఎండాకాలం, వానాకాలం, చలికాలం మారినప్పుడల్లా రాజు గానీ ఆయన తరఫున రాజకుటుంబంలోని వాళ్ళు గానీ వచ్చి వస్త్రాలు మారుస్తారు. లోపల ఫొటోలు తీయనివ్వరు. కాళ్ళు బుద్ధుడి వైపు చాపి కూర్చోకూడదు. అయితే అది చూసి బయటికొచ్చిన గ్రూపుల్ని గైడ్లు వెంటనే గేటు వైపు నడిపించేస్తారు. అక్కడే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. ఆ ఆలయం చుట్టూ తిరిగే పొడవాటి వసారా గోడల మీద రామాయణమంతా ఉంది, 178 చిత్రాల్లో. వాళ్ళు రామకియన్ అంటారు. 1782లో బ్యాంకాక్‌ని రాజధాని చేసిన మొదటి రామ రాజు హయాంలోనే ఆ కావ్యాన్నీ కూర్చారు, గోడల మీదా గీయించారు. తర్వాతి రాజులు మళ్ళీ మళ్ళీ గీయించారు. నగరానికి నూట యాభై ఏళ్ళు నిండిన 1932కి కూడా పెద్ద ఎత్తున పని జరిగింది.

ఉత్తరపు వాకిలి దగ్గర జనకుడికి సీత దొరకడంతో కథ మొదలై ప్రదక్షిణంగా సాగుతుంది. రాముడు ఆకుపచ్చ, లక్ష్మణుడు బంగారు రంగు, హనుమంతుడు తెలుపు. ఈ మూడు రంగులు తెలిస్తే మీ పాప ఎవరినీ అడక్కుండానే కథ పట్టేస్తుంది. ఒకచోట హనుమంతుడు కొండంత పెరిగి, నోరు తెరిచి, రాముడి విడిదిని ఆ నోట్లోనే దాచుకుని కాపలా కాస్తుంటాడు. పళ్ళ వరుస మధ్య మండపం, మండపంలో రాముడు. దగ్గరికి వెళ్ళి చూడండి, మండపానికి అద్దిన బంగారు రేకు మెరుస్తూ కనిపిస్తుంది.

ఇది మనకి తోలుబొమ్మలాటలో తెలిసిన మైరావణ కథే! మన దగ్గర హనుమంతుడు తోకతో కోట కడితే మైరావణుడు విభీషణుడి వేషంలో లోపలికొస్తాడు. వాళ్ళ దగ్గర ఆ మైరావణుడి పేరు మైయరాప్, నిద్రమందు ఊది రాముణ్ణి ఎత్తుకుపోతాడు. పాతాళం దారిలో హనుమంతుడికి ఎదురుపడే కొడుకు మనకి మత్స్యవల్లభుడు, వాళ్ళకి మచ్చాను. ఆ పిల్లవాడి తల్లి వాళ్ళ కథలో రావణుడి కూతురు, మత్స్యకన్య. వారధి కడుతుంటే అడుగు నుంచి రాళ్ళు లాగేసింది ఆవిడే. వాల్మీకిలో మైరావణుడే లేడు. అయినా ఆ కథ మన పల్లెల్లోనూ బతికింది, అక్కడ రాజుగారి గుడి గోడ మీదా ఉంది. ఆ చిత్రం ముందు నిలబడి మన పెద్దవాళ్ళు పిల్లలకి కథ చెప్పడం మొదలుపెడితే ఏ గైడూ అంత బాగా చెప్పలేడు. వాకిళ్ళ దగ్గర జంటలు జంటలుగా నిలబడ్డ 12 మంది రాక్షస కావలివాళ్ళలో మైయరాప్ కూడా ఉన్నాడు, పాపని వెతకమనండి.

కాబట్టి గైడ్ కలవగానే ఒక్క మాట చెప్పండి: వసారాలో మాకు ముప్పావుగంట కావాలి, షాపింగ్ ఏదీ వద్దు. వసారాకి కప్పు ఉంది, నీడలో నడవొచ్చు కాబట్టి నాన్నగారికీ బాగుంటుంది.

వాట్ ఫోలో శయన బుద్ధుడు 46 మీటర్ల పొడవు. అందరూ ముఖం దగ్గర ఫొటో తీసుకుని వెళ్ళిపోతారు, మీరు పాదాల దాకా వెళ్ళండి. అరికాళ్ళ మీద ముత్యపు చిప్పతో 108 శుభచిహ్నాలు పొదిగారు. పక్కనే తా తియన్ రేవు. 5 బాత్ ఇస్తే పడవలో అవతలి ఒడ్డుకి, వాట్ అరుణ్‌కి. అక్కడ గోపురం మెట్లు నిటారుగా ఉంటాయి. నాన్నగారు కిందే కూర్చుని పింగాణీ ముక్కలతో చేసిన పూలు చూస్తే చాలు, చూడాల్సిన పనితనం కిందా ఉంది.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో చాలా తక్కువ ధరకి సిటీ టూర్ దొరుకుతోంది. తీసుకోవచ్చా?

జవాబు: అంత తక్కువకి ఎలా ఇస్తున్నారో వాళ్ళనే అడగండి. చాలా సందర్భాల్లో మీరు రత్నాల దుకాణంలోనో తోలు సామాన్ల షాపులోనో గంట కూర్చుంటారు, టూర్ ఖర్చు అక్కడ వచ్చే కమిషన్‌తో గిట్టుబాటు అవుతుంది. ఒకసారి మా గ్రూపులో ఒక పెద్దావిడ అలాంటి షాపులో మొహమాటానికి నీలం రాయి కొని, ఇంటికొచ్చి చూపిస్తే సగం విలువ కూడా చెయ్యలేదు. ఆవిడ ముఖం నాకింకా గుర్తుంది. బుక్ చేసేముందే షాపింగ్ స్టాపులు లేవని రాతపూర్వకంగా అడగండి.

ఇంకొకటి. ప్యాలెస్ గోడ పక్కన మంచి బట్టలేసుకున్న మనిషి ఎవరో వచ్చి, ఈ రోజు ప్యాలెస్ మూసేశారు, వేరే గుడి చూపిస్తాను, టుక్‌టుక్ ఇరవై బాత్‌లే అంటాడు. నమ్మకండి. నేరుగా గేటు దగ్గరికి నడవండి, తెరిచి ఉందో లేదో గేటే చెప్తుంది.

ప్రశ్న: ప్యాలెస్‌కి చీర కట్టుకుని వెళ్ళొచ్చా? పిల్లలకి షార్ట్స్ వేయొచ్చా?

జవాబు: చీర హాయిగా కట్టుకోండి, జాకెట్టుకి చేతులుండాలి. షార్ట్స్, స్లీవ్‌లెస్, చిరుగుల జీన్స్ వద్దు. ఆలయాల్లో చెప్పులు విప్పాలి కాబట్టి లేసులున్న బూట్లు ఇబ్బంది. భిక్షువులు ఎదురైతే ఆడవాళ్ళు తాకకుండా కాస్త పక్కకి జరగాలి, చేతికి ఏదీ నేరుగా ఇవ్వకూడదు.

ప్రశ్న: మేం శుద్ధ శాకాహారులం. భోజనం సంగతి టెన్షన్‌గా ఉంది.

జవాబు: కూరగాయల ఫ్రైడ్ రైస్ అని అడిగినా అందులో చేప నుంచి తీసిన నామ్ ప్లా పడుతుంది, ఆల్చిప్పలతో చేసిన ఆయిస్టర్ సాస్ పడుతుంది. అక్కడి వాళ్ళకి అది ఉప్పు వేసినంత మామూలు. మీరు అడగాల్సిన మాట "జే". చైనా బౌద్ధుల పద్ధతి భోజనం అది, మాంసం, చేప, గుడ్డు, పాలు ఏవీ ఉండవు, వెల్లుల్లి కూడా ఉండదు. పసుపు రంగు మీద ఎర్ర అక్షరాలున్న జెండా కనబడితే ఆ కొట్టే. మన తిండే కావాలంటే పాహురాట్ వైపు, సిలోమ్ వైపు భారతీయ హోటళ్ళున్నాయి.

ప్రశ్న: బ్యాంకాక్‌లో మన దేవుళ్ళ గుళ్ళు ఉన్నాయా?

జవాబు: ఉన్నాయి. సిలోమ్‌లో తమిళులు కట్టుకున్న మారియమ్మన్ గుడి ఉంది. ఎరవాన్ కూడలిలో 1956లో పెట్టిన చతుర్ముఖ బ్రహ్మ దగ్గర థాయ్‌లు మొక్కులు తీరాక నాట్యం చేయిస్తారు. నాకు మాత్రం దేవస్థాన్ ఎక్కువ ఇష్టం. 1784లో కట్టిన చిన్న గుడి, శివుడికి, వినాయకుడికి, విష్ణువుకి వేరువేరు మందిరాలు. థాయ్ రాజుగారి ఆస్థాన బ్రాహ్మణుల గుడి ఇది. ధనుర్మాసంలో తమిళులు పాడే శివస్తుతి తిరువెంపావైతో ముడిపడిన త్రియంపవై ఉత్సవం ఇప్పటికీ చేస్తారు. ఎదురుగా ఉన్న ఎర్రటి ఎత్తైన ఊయల స్తంభాలు ఆ ఉత్సవానివే. ప్రమాదాల వల్ల ఊగడం 1935లో ఆపేశారు.

ప్రశ్న: బయల్దేరే ముందు ఏ కాగితాలు నింపాలి?

జవాబు: 2025 మే 1 నుంచి థాయ్‌లాండ్ డిజిటల్ అరైవల్ కార్డు తప్పనిసరి. అక్కడ దిగే రోజుకి మూడు రోజుల ముందు నుంచి ఆన్‌లైన్‌లో నింపొచ్చు. పిల్లలకీ విడిగా కావాలి. దీనికి పైసా కట్టక్కర్లేదు. డబ్బులడిగే సైటు ఏదైనా ప్రభుత్వానిది కాదు, థాయ్ ఇమిగ్రేషన్ సైటులోనే నింపండి. వీసా నిబంధనలు మారుతుంటాయి కాబట్టి టికెట్ తీసుకునే రోజునే రాయబార కార్యాలయం సైటు చూడండి.