మెదడు నీరు ముక్కులోంచి కారుతుంటే తల తెరవకుండానే ఆపరేషన్ చేస్తారా?

చేస్తారు. మా అమ్మకి చేశారు. మీరు అడిగింది ఆపరేషన్ గురించే అయినా, అంతకు ముందు పోయిన ఏడు నెలల సంగతి చెప్పకుండా ఉండలేను.

అమ్మ పొద్దున్నే వంగి ముగ్గు వేస్తుంటే కుడి ముక్కులోంచి నీళ్లు చుక్కలు చుక్కలుగా ముగ్గు మీదే పడేవి. ఎప్పుడూ కుడివైపే. గొంతులోకి జారితే ఉప్పగా ఉందనేది. ఒకరు ఎలర్జీ అన్నారు, ఇంకొకరు సైనస్ అన్నారు. సంచీడు మాత్రలు మింగింది. బంధువులు పసుపు ఆవిరి పట్టమని రోజూ ఫోన్లు. ఆ నీటిని పరీక్షకు పంపుదామని ఒక్కరూ అనలేదు! చివరికి ఒక ఈఎన్‌టీ డాక్టరుగారు అమ్మని కుర్చీలో ముందుకు వంచి, చిన్న సీసాలో నీళ్లు పట్టించి బీటా-2 ట్రాన్స్‌ఫెరిన్ (మెదడు నీటిలో ఉండే ఒక ప్రోటీన్) టెస్టుకి పంపారు. అది మెదడు చుట్టూ ఉండే నీరేనని తేలింది. సీటీలో ముక్కు పైకప్పు ఎముకలో చిల్లు కనపడింది. ఆ దారిన క్రిములు పైకి పోతే మెనింజైటిస్ (మెదడు పొరలకు వచ్చే ఇన్ఫెక్షన్) వస్తుందన్నారు. ఆ రాత్రి ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు.

ఎండోస్కోప్‌తో (కెమెరా ఉన్న సన్నని గొట్టం) ముక్కులోంచే వెళ్లి, చిల్లు చుట్టూ పొర తీసేసి, తొడ నుంచి తీసిన ఫేషియా లాటా (కండరం మీద ఉండే గట్టి పొర) పరిచి, ఫైబ్రిన్ జిగురు పెట్టారు. అమ్మ ముక్కు కంటే తొడే ఎక్కువ నొప్పి అంది. చిల్లు పెద్దదైతే ముక్కు మధ్యగోడ పొరనే రక్తనాళంతో సహా తిప్పి కప్పుతారు. హదాద్ ఫ్లాప్ అంటారు, అర్జెంటీనా డాక్టర్ల పద్ధతి, 2006లో అచ్చయింది. రక్తం అందుతూనే ఉంటుంది కాబట్టి అతుకు బాగా పట్టుకుంటుంది. నూటికి తొంభైకి పైగా మొదటిసారికే మూసుకుంటాయి. ఫ్రంటల్ సైనస్‌లో (నుదుటి ఎముకలోని గాలి గది) బాగా పక్కకున్న చిల్లు లాంటిది కాకపోయినా తల తెరవాలని ఎవరైనా అంటే, ఇంకో డాక్టరుని కూడా అడగండి.

అసలు టెన్షన్ తర్వాతే. ముక్కు చీదకూడదు, వంగకూడదు, మలబద్ధకం రాకూడదు, తుమ్ము వస్తే నోరు తెరిచే తుమ్మాలి. ఆరు వారాలు మా ఇంట్లో ఎండుమిరపకాయ పోపు బంద్. పదోరోజు పక్కింటి పోపు ఘాటు కిటికీలోంచి వచ్చింది. అమ్మ నోరు తెరిచే తుమ్మింది. అయినా నేను సాయంత్రం దాకా ముక్కు కింద దూది పెట్టి తడిసిందేమోనని చూస్తూనే ఉన్నాను. తడవలేదు.

ఇంకోటి. మధ్యవయసు ఆడవాళ్లలో తలలో ఒత్తిడి పెరిగి దానంతటదే చిల్లు పడటం ఎక్కువ. చిల్లు మూశాక ఆ ఒత్తిడి సంగతి కూడా చూడమని గట్టిగా అడగండి, లేకపోతే మళ్లీ కారొచ్చు. అమ్మ ఇప్పటికీ దానికి మాత్ర వేసుకుంటోంది.