రొమ్ము ఆపరేషన్ మచ్చ పక్కన గడ్డలు... తామరేనా?

ప్రశ్న: మా అమ్మకు 58 ఏళ్లు. నాలుగేళ్ల కిందట ఎడమ రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్, కీమో, రేడియేషన్ అయ్యాయి. రెండు నెలలుగా ఆ మచ్చ పక్కన చర్మం ఎర్రగా కందినట్టుంది. శనగగింజంత గడ్డలు మూడు లేచాయి. నొప్పి, దురద లేవు. తామరని ఆయింట్‌మెంట్ ఇచ్చారు, తగ్గలేదు. ఏ పరీక్ష చేయించాలి?
– ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: ఎరుపు కంటే నొప్పీ దురదా లేని ఆ గడ్డలనే ఎక్కువ అనుమానించాలి. తామరైతే మామూలుగా గోకకుండా ఉండలేరు. అంచు గుండ్రంగా పాకుతూ, మధ్యలో చర్మం తేటపడుతుంది. రొమ్ము క్యాన్సర్ చర్మానికి పాకితే తరచూ ఆపరేషన్ మచ్చ చుట్టూనే గట్టి గడ్డలుగానో, మందులకు లొంగని ఎర్రదనంగానో బయటపడుతుంది. అయితే రేడియేషన్ పడిన చర్మం కూడా ఎర్రబడి బిరుసెక్కుతుంది. అందుకే కంటితో చూసి తేల్చకూడదు, ముక్క తీసి పరీక్షించాల్సిందే.

ముందు ఆ ట్యూబు పక్కన పెట్టండి. తామరకని మెడికల్ షాపుల్లో ఇచ్చే చాలా క్రీముల్లో స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. ఎరుపు కొన్నాళ్లు తగ్గినట్టు కనిపించి, అసలు జబ్బు మరుగున పడుతుంది.

చేయించాల్సింది పంచ్ బయాప్సీ. అక్కడికే మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, సాధారణంగా 4 మిల్లీమీటర్ల గుండ్రటి బ్లేడుతో బాగా గట్టిగా ఉన్న గడ్డ నుంచి, అడుగున కొవ్వు తగిలేదాకా ముక్క తీస్తారు. ఒకటో రెండో కుట్లు పడతాయి, అదే రోజు ఇంటికి రావచ్చు. పైపైన గీరి పంపితే లాభం లేదు, ఎందుకంటే కణాలు చర్మం లోపలి పొరలో, అక్కడి లింఫు నాళాల్లో దాగి ఉంటాయి. పుండు పడిన చోటైతే అంచు నుంచి తీయాలి. మధ్యలో తీస్తే చచ్చిన కణజాలమే వస్తుంది. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే ముందే చెప్పండి, మీ అంతట మీరు ఆపొద్దు. కత్తి తగిలితే క్యాన్సర్ పాకుతుందని చుట్టాలు భయపెడతారు, పట్టించుకోకండి.

ముక్క చెడిపోకుండా వెంటనే 10 శాతం ఫార్మలిన్ ద్రావణంలో పడాలి. పాత బయాప్సీ రిపోర్టు, దొరికితే పాత బ్లాకు (మైనంలో భద్రపరిచిన అప్పటి ముక్క) కూడా ల్యాబుకు ఇవ్వండి, పోల్చి చూస్తారు. క్యాన్సరని తేలితే ఈఆర్, పీఆర్ (క్యాన్సర్ కణాల్లోని హార్మోన్ గ్రాహకాలు), హెర్2 (ఆ కణాల మీది ఒక ప్రొటీన్) పరీక్షలు కొత్త ముక్క మీద మళ్లీ చేయమని అడగండి. నాలుగేళ్ల కిందటి ఫలితం ఇప్పుడు మారి ఉండొచ్చు, మందు దాన్ని బట్టే ఉంటుంది. హెర్2 "2+" అని, అంటే తేలీ తేలనట్టు వస్తే, ఆ జన్యువును చూసే ఫిష్ పరీక్ష కూడా కావాలి.

రిపోర్టులో క్యాన్సర్ లేదని వచ్చినా గడ్డలు అలాగే ఉంటే మరోచోట నుంచి మళ్లీ తీయించండి, మొదటి ముక్కలో దొరక్కపోవడం ఉంటుంది. రొమ్ము క్యాన్సర్ సూచికగా చూసే సీఏ 15-3 రక్తపరీక్ష మామూలుగా ఉందని బయాప్సీ మానొద్దు.

నిర్ధారణయ్యాక, క్యాన్సర్ ఎంతవరకు పాకిందో చూడటానికి పెట్-సీటీ స్కాన్ గానీ, ఛాతీ-పొట్ట సీటీతో పాటు బోన్ స్కాన్ గానీ చేస్తారు. మచ్చ దగ్గరే ఉంటే అక్కడే తిరగబెట్టినట్టు, వీపు మీదో తల మీదో కూడా ఉంటే దూరంగా పాకినట్టు లెక్క. చికిత్స వేరవుతుంది. మొదట ఆపరేషన్ చేసిన ఆంకాలజిస్టునే ఈ వారంలో కలవండి. కుదరకపోతే రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రికి పాత ఫైలుతో సహా వెళ్లండి.