గుమ్మం దగ్గరే ఆపు, తల్లీ

సింగ్ నగర్, విజయవాడ

చిరంజీవి బుజ్జికి పెద్దమ్మ దీవెనలు.

"ఇల్లంతా సామానే పెద్దమ్మా, తీరిక లేదు, మనశ్శాంతి లేదు, ఏం తీసెయ్యమంటావు?" అని మొన్న అడిగావు. ఫోన్‌లో తేలే సంగతి కాదని రాస్తున్నాను.

తీసెయ్యడంతో మొదలుపెట్టకు. ఈ ఆదివారం అటక ఖాళీ చేస్తావు, దసరా ఆఫర్లకి మళ్లీ నింపుతావు. ముందు గుమ్మం దగ్గర ఆపడం నేర్చుకో. వస్తువుకి డబ్బు కట్టేస్తే ఖర్చు అయిపోయిందనుకుంటాం. కాదు. దాన్ని తుడవాలి, సర్దాలి, పాడైతే బాగుచేయించాలి, కావలసినప్పుడు ఎక్కడ పెట్టామో వెతుక్కోవాలి. నీకు తీరిక లేకపోవడానికి సగం కారణం ఆ చాకిరీయే.

వంటింటి అలమర తలుపుకి లోపలివైపు ఓ తెల్లకాగితం అంటించు. ఏదైనా కొనాలనిపించిన రోజున తేదీ వేసి దాని మీద రాయి. మరుసటి నెల జీతం పడ్డాక చూడు. అప్పటికీ కావాలనిపిస్తే నిక్షేపంగా కొనుక్కో. చాలావాటిని ఎందుకు రాశావో కూడా గుర్తుండదు. ఫోన్‌లో కార్టులో పెట్టుకుంటానంటావేమో, అది పనికిరాదు. ధర తగ్గింది, రెండే మిగిలాయి అంటూ రోజూ కంగారుపెడుతుంది. కాగితం తొందరపెట్టదు. మిక్సీ జారు వాషరు అరిగితే కొత్త మిక్సీ అక్కర్లేదు, వన్‌టౌన్‌లో మార్చి ఇచ్చే కొట్లున్నాయి.

బట్టల విషయంలో మాత్రం పిసినారితనం చెప్పను. మన బెజవాడ ఎండలకి మంగళగిరి నూలు చీరని మించింది లేదు. చవకగా వస్తున్నాయని సింథటిక్‌వి నాలుగు తెచ్చుకునే బదులు నేతవి రెండు కొనుక్కో. గంజి పెట్టి కట్టుకుంటే ఏళ్ల తరబడి వస్తాయి, నేసినవాళ్లకీ నాలుగు డబ్బులు అందుతాయి.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి మా సింగ్ నగర్ మునిగినప్పుడు చూసింది చెప్పకుండా ఉండలేను. డాబాల మీద నుంచి జనం కేకలేసి అడిగింది మంచినీళ్లు, పాలు, మందులు. నీళ్లు తీశాక చూస్తే వీధి పొడుగునా పరుపులు, సోఫాలు, ఫ్రిజ్‌లు బురద కొట్టుకుపోయి గుట్టలుగా పడున్నాయి. వాటిని చూసి "ఏదీ శాశ్వతం కాదు" అని వేదాంతం మాట్లాడిన వాళ్ల మీద నాకు ఒళ్లు మండింది. ఆ గుట్టల్లో వాయిదాలు కూడా తీరని ఫ్రిజ్‌లున్నాయి, ఇంటిల్లిపాదికీ కూడు పెట్టిన కుట్టుమిషన్లున్నాయి. తక్కువతో బతకమని వాళ్లకి చెప్పే హక్కు ఎవరికీ లేదు. నేను చెబుతున్నది చేతినిండా జీతం వచ్చే నీలాంటివాళ్లకి. నీళ్లు గుమ్మంలోకి వస్తే ఏవి పట్టుకుని మేడెక్కుతావో ఓసారి నిదానంగా ఆలోచించుకో. మిగతావాటిలో వాడుకోనివి ఎవరికి పనికొస్తాయో వాళ్లకి ఇచ్చెయ్, చిరిగినవీ విరిగినవీ మాత్రం ఇవ్వకు. అల్లుడుగారి సామాను జోలికి వెళ్లకు. నీ బీరువాతో మొదలుపెట్టు. ఆయనకి అనిపించినప్పుడు ఆయనే తీసుకుంటారు.

ఇక మనసు నిలవడం లేదన్నావు. రోజూ భవానీపురం నుంచి తాడేపల్లికి ప్రకాశం బ్యారేజీ మీదుగానే కదా బండి మీద వెళ్తారు. 1957 నుంచి ఉన్న బ్యారేజీ, 70 గేట్లు. ఈరోజు ఎన్ని ఎత్తారో చెప్పగలవా? వెనక కూర్చునేది నువ్వే. ఆ కాసేపు చెవుల్లోవి తీసేసి నదిని చూడు. ఎగువన వానలు పడితే నీళ్లు ఎర్రమట్టి రంగుకి తిరుగుతాయి, ఎండాకాలంలో దిగువన ఇసుక తిన్నెలు బయటపడతాయి. చూసినవి సాయంత్రం నాకు ఫోన్ చేసి చెప్పు.

ఇంట్లో కూడా రోజుకి ఒక్క పనైనా మనసు పెట్టి చెయ్యి. నాకు అది ఆవకాయ పెట్టడంలో అలవాటైంది. కాయలు కడిగి, తుడిచి, టెంకతో కొట్టించాక ఒక్కో ముక్కలో జీడి తీసెయ్యాలి, టెంకకి అంటుకున్న పొర గోకాలి, పొడిగుడ్డతో తుడవాలి. ఒక్క ముక్కకి చెమ్మ మిగిలినా జాడీ మొత్తం బూజు పట్టిపోవచ్చు. చెయ్యి ఒకచోట, బుద్ధి ఒకచోట ఉంటే ఆ పని సాగదు. మూడోరోజు తిరగకలిపేటప్పుడు ఉప్పు సరిపోయిందా, నూనె పైకి తేలిందా అని చూస్తుంటే ఇంకో ఆలోచనే రాదు. ఏడాది పొడుగునా ఆవకాయ పెట్టలేం కాబట్టి గోంగూర ఒలుచుకో. కూరలు ఫోన్‌లో తెప్పించడం మాని వారానికోసారి కాళేశ్వరరావు మార్కెట్‌కి సంచి పట్టుకుని నడిచి వెళ్లు. లేత బీరకాయలు నీ చేత్తో ఏరుకుంటే చెక్కుని పారెయ్యబుద్ధి కాదు, పచ్చడి చేసుకుంటావు. పని చేస్తున్నంతసేపూ, తింటున్నంతసేపూ ఫోన్ పక్కగదిలో ఉండాలి. ఇది ఒక్కటీ నా మాట విను.

అన్నీ ఒకేసారి పెట్టుకోకు. ఈ నెల కాగితం, గోంగూర చాలు. మే నెలలో ఆవకాయకి నేనే మీ ఇంటికి వస్తాను. కొత్త జాడీ కొనేవు, నా దగ్గర రెండున్నాయి, ఒకటి తెస్తాను.

మీ పెద్దమ్మ